అత్తగారి ఎడమ కన్ను

ఆ ఇంట్లో ఫ్రిజ్ కొన్నది కోడలే అయినా దాని మీద పెత్తనం మాత్రం అత్తగారిదే. పొద్దున్నే మొహం కడుక్కోగానే, కాఫీ కంటే ముందు, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడేది. ఒక్కో గిన్నె మూత తీసి వాసన చూసి, "ఇదెప్పటిది?" అని అడిగేది. "నిన్నటిదే అత్తయ్యా" అని కోడలు అందంటే నేరం ఒప్పుకున్నట్టే లెక్క. మరుక్షణం ఆ గిన్నె ఖాళీ.

"ఫ్రిజ్‌లో పెడితే కూర బతికుంటుందనుకుంటారు మీరు. అది బతికిలేదు, కదలకుండా పడుకుంది, అంతే" అనేది.

ఇదంతా ఆవిడ ఉద్యోగం అంటించిన జబ్బు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని, ఒకటీ రెండూ కాదు, ముప్పై రెండేళ్లు. చెక్క గళ్ల బీరువా ముందు నిలబడి ఏ వీధి ఉత్తరం ఆ గడిలోకి తోసేది. కోడిగీతలైనా, వానకు తడిసి అలుక్కుపోయిన సిరా అయినా ఆవిడ కళ్లకు లొంగాల్సిందే. తోటివాళ్లు చదవలేక చేతులెత్తేసిన ఉత్తరాలన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చి పడేవి. ఏ ఉత్తరమూ మర్నాటికి మిగలకూడదన్నది ఆవిడ పంతం. "ఇవాళ వచ్చింది ఇవాళే పోవాలి" అని రోజుకు పదిసార్లు అనేది. రిటైరై ఎనిమిదేళ్లయింది. గళ్ల బీరువా పోయింది గానీ గోల పోలేదు.

అలాంటావిడకి ఎలాంటి కోడలు దొరకాలి? ఐ బ్యాంకులో పనిచేసే కోడలు దొరికింది. చనిపోయినవాళ్లు దానం చేసిన కళ్లలోంచి, నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర తీస్తారు. దాన్నే కార్నియా అంటారు. ఒక్కో కార్నియానీ గులాబీ రంగు ద్రవం ఉన్న చిన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో దాస్తారు. ఏ ఆసుపత్రికి కావాలంటే ఆ ఆసుపత్రికి పంపుతారు. సీసా ఐ బ్యాంకు ఫ్రిజ్‌లో పద్నాలుగు రోజుల దాకా ఉండొచ్చు. కోడలు కాపరానికొచ్చిన కొత్తలో ఈ సంగతి విని అత్తగారు నోరు వెళ్లబెట్టింది.

"పద్నాలుగు రోజులా! కూర రెండో పూటకే పనికిరాదంటుంటే, నువ్వు కళ్లు పద్నాలుగు రోజులు నిలవుంచి మనుషులకి పెడతావా?"

"కూర వేరు, కార్నియా వేరు అత్తయ్యా. అది నాలుగు డిగ్రీల చల్లదనంలో, దానికి కావలసిన తిండి కలిపిన నీళ్లలో ఉంటుంది. లోపలివైపు సన్నటి పొర ఒకటుంది. అందులో ఉండే కణాల పనల్లా నీళ్లు తోడిపొయ్యడమే. అవి తోడుతున్నన్నాళ్లూ చూపు తేటగా ఉంటుంది. చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అందుకే వాటిని లెక్కపెట్టి మరీ పంపిస్తాం."

"మరి రోజులు గడిచేకొద్దీ అవి చావవూ?"

కోడలికి ఒప్పుకోక తప్పలేదు. "కొన్ని చస్తాయి" అంది.

"అద్గదీ! ఇప్పుడు దారికొచ్చావు" అని అత్తగారు చెంగు దులిపి నడుముకి బిగించింది. ఆ రోజు నుంచీ కోడలికి ఫ్రిజ్జమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

ఎన్ని వెక్కిరింపులున్నా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇందులో దాచడానికేమీ లేదు. సాయంత్రం కోడలు సందు మలుపు తిరిగేసరికి అత్తగారు వీధి మెట్ల మీద కూర్చుని ఉండేది. చెప్పులు విడవకముందే ప్రశ్న పడేది.

"ఇవాళ ఎన్నొచ్చాయి, ఎన్ని పోయాయి?"

"రెండొచ్చాయి, మూడు పోయాయి."

"శభాష్."

ఏదైనా పోకుండా మిగిలిందంటే మాత్రం ఆవిడకి ముద్ద దిగేది కాదు. "అది ఏ వీధివాళ్లదో కనుక్కోరాదుటే? పాపం, అక్కడెవరో కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుంటారు" అనేది. చూపు లేనివాళ్ల గురించి ఆ మాట అనకూడదని కోడలు నవ్వితే, "లేనివాళ్లే ఎక్కువ చూస్తారు" అని కసిరేది.

ఒక ఆదివారం ఆవిడే అడిగి నేత్రదానం దరఖాస్తు తెప్పించుకుంది. తన గుండ్రటి అక్షరాలతో అన్ని గళ్లూ నింపి సంతకం పెట్టి, కాగితం కోడలి చేతికిస్తూ సగంలో ఆపింది.

"నా కళ్లు మీ బ్యాంకుకే. కానీ షరతు. నన్ను ఫ్రిజ్‌లో పెట్టి నానబెట్టకు. వచ్చినరోజే పంపించెయ్యి. పోనీ, మర్నాడు. మాటివ్వు."

"మీరు నూరేళ్లుండండి, అప్పుడు చూద్దాం."

"నూరేళ్ల కళ్లు ఎవడిక్కావాలి? మాటివ్వమంటుంటే!"

కోడలు నవ్వుతూ ఆవిడ చేతిలో చెయ్యి వేసింది.

రెండేళ్లు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్న అత్తగారు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయింది. మామగారు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. కొడుకు డాక్టరు కోసం పరిగెత్తాడు. ఫోను తీసి తన ఆఫీసుకి తనే చేసింది కోడలు. ఇన్నేళ్లుగా ఎన్నో ఇళ్లవాళ్లకి చెప్పిన మాటలే అవి. ఆరు గంటల్లోపు తియ్యాలండీ, ఫ్యాను ఆపండి, కళ్లు మూసి రెప్పల మీద తడిగుడ్డ వెయ్యండి. అవన్నీ తనకి తనే చెప్పుకుని చేసేసింది గానీ, అవతలివాళ్లు చిరునామా అడిగేసరికి సొంత ఇంటి నంబరు నోటికి రాలేదు.

ఐ బ్యాంకులో అందరూ పొడుగాయన అని పిలిచే తోటి ఉద్యోగి గంటలో వచ్చాడు. గదిలో పని పూర్తిచేసుకుని, అత్తగారి రెప్పలు పొందికగా మూసి, బయటికొచ్చి కోడలి భుజం తట్టాడు. "నాలుగు రోజులు ఆఫీసు మొహం చూడకు. మేం చూసుకుంటాం" అన్నాడు.

కుడి కన్ను మూడో రోజున ఒక ఆసుపత్రికి వెళ్లింది. సీసా నంబరుతో సహా పొడుగాయన ఫోనులో చెప్పాడు. కోడలు వెళ్లి మామగారి చెవిలో వేసింది.

"ఒకటి పోయింది మామయ్యా."

"రెండోది?"

"అదీ పోతుంది."

ఆయన తలూపి, భార్య కుర్చీని గోడవైపు నుంచి కిటికీవైపు తిప్పాడు.

అయిదో రోజున కోడలు పనిలోకి వెళ్లింది. పొద్దున్నే జాబితా ముందు పెట్టుకోవడం, ఏ ఆసుపత్రి కబురు పెడితే దానికి తగిన సీసా ఎంచి పంపడం ఆమె పని. ముందొచ్చింది ముందు పోవాలన్నది నియమం. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏది ఎవరిదో తెలియకూడదనే ఆ ఏర్పాటు. కానీ కుడి కంటి నంబరు తెలిశాక దాని పక్క నంబరు ఎవరిదో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు కదా. జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది అత్తగారి ఎడమ కన్నే.

తొమ్మిదింటికి ఫోను. లోపలి పొర మార్చే ఆపరేషనుంది, కార్నియా ఒకటి కావాలన్నారు. కోడలి వేలు మొదటి వరస మీద ఆగింది. సొంత మనిషిది కాబట్టి ముందుకు తోసిందంటారేమో! ఇన్నేళ్లలో ఎవరిచేతా వేలెత్తి చూపించుకోలేదు, ఇప్పుడు మాట పడాలా? వేలు రెండో వరసలోకి జారింది. అక్కడున్నది రెండు రోజుల సీసా. అది పంపింది. తాజాది వెళ్తే వాళ్లకీ సంతోషమే కదా అని తనకు తను సర్దిచెప్పుకుంది. ఆరో రోజున ఇంకో ఫోను వచ్చింది. వేలు మళ్లీ జారింది. ఏడో రోజు ఆదివారం.

చూశారా తమాషా! పక్షపాతం చూపించిందంటారేమోనన్న భయంతో, అందరి కళ్లనీ సాగనంపి సొంత అత్తగారి కన్నుని గుమ్మం దగ్గర నిలబెట్టింది. నా దృష్టిలో ఇదీ పక్షపాతమే, కాకపోతే తిరగేసి తొడుక్కున్నది.

ఎనిమిదో రోజు ఉదయం ల్యాబ్ పెద్ద వచ్చాడు. ఆయన్ని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. జాబితా మీద ఆయన కళ్లద్దాలు ఆగాయి.

"ఇదేంటమ్మా, ఇంకా ఇక్కడే ఉంది? కణాల లెక్క బ్రహ్మాండంగా ఉంది, చదరపు మిల్లీమీటరుకి రెండువేల ఏడువందల నలభై. ఎవరూ అడగలేదా?"

"అడగలేదు సార్" అన్నమాట కోడలి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

పద్నాలుగు రోజుల దాకా వాడొచ్చని కాగితం మీద ఉంటుంది గానీ, చాలామంది సర్జన్లు తమకు తాము ఏడు దగ్గర గీత గీసుకుంటారు. ఏడు దాటిందంటే పెదవి విరుస్తారు. పద్నాలుగు దాటితే ఇక ఆ కార్నియా ఎవరి కంటికీ చూపునివ్వదు. శిక్షణకో పరిశోధనకో ఇచ్చేయాలి. ఫ్రిజ్‌లో నానబెట్టకు అని అడిగిన మనిషిని, మాట ఇచ్చిన చేత్తోనే ఎనిమిది రోజులు నానబెట్టింది. ఈ లెక్క తలకెక్కేసరికి కోడలికి ఆ రోజు ఏ పనీ సాగలేదు.

సాయంత్రం సందు మలుపు తిరిగితే వీధి మెట్ల మీద మామగారు కూర్చుని ఉన్నాడు. అక్కడ కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. ఆ చోటు ఖాళీగా ఉండడం ఇష్టంలేక కూర్చున్నాడేమో. కాస్త మొహమాటంగా అడిగాడు.

"ఇవాళ ఎన్నొచ్చాయి, ఎన్ని పోయాయి?"

అంతే. కోడలు చెప్పులతోనే మెట్టు మీద కూలబడి బావురుమంది. వేలు జారిన సంగతి, రెండుసార్లు జారిన సంగతి, పెద్దసారుతో అబద్ధమాడిన సంగతి అన్నీ వరసగా చెప్పేసింది. "అత్తయ్య ఒక్కటే అడిగారు మామయ్యా. ఒక్కటంటే ఒక్కటి. అదీ చెయ్యలేకపోయాను" అంది.

మామగారు ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకి చేతకాదు, ఆ శాఖ భార్యది. కాసేపు మోకాళ్లు రుద్దుకుని, "మీ అత్తయ్య ఒక ఉత్తరం ఆరేళ్లు నిలవబెట్టింది, తెలుసా?" అన్నాడు.

కోడలు ఏడుపు ఆపేసింది. "ముప్పై రెండేళ్లలో ఒక్కటి కూడా మిగల్చలేదని డప్పు కొట్టేవారు కదా!"

"ఒకటుంది. ఆఫీసు గోడలకి సున్నం వెయ్యాలని గళ్ల బీరువా జరిపితే దాని వెనకాల దొరికింది. ఆ గడి తనదే, జారవిడిచింది తనే. ఆరేళ్ల తర్వాత ఏ మొహం పెట్టుకుని ఇస్తాం, చించి పారెయ్యమన్నాడు పై అధికారి. తను వింటేనా? సెలవు పెట్టి ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆవిడ అప్పటికి మూడిళ్లు మారిందట. తలుపు కొట్టి, ఇది మీ ఉత్తరం, తప్పు నాది అని చెప్పి మరీ ఇచ్చింది."

"ఆవిడ ఏమందట?"

"తిట్టిందట. తిట్టి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చిందట."

"ఏముంది ఆ ఉత్తరంలో?"

"నేనూ అడిగాను. చేర్చడం నా పని, చదవడం కాదు అంది." ఆయన మీసాల్లో సన్నగా నవ్వుకున్నాడు. "ఈ సంగతి ఫ్రిజ్జమ్మకి మాత్రం చెప్పకండి, నా పరువు పోతుందని ఒట్టు కూడా వేయించుకుంది. ఇవాళ ఒట్టు తప్పాను. నువ్వు రేపు పొద్దున్నే మీ సారుకి చెప్పెయ్యి."

తొమ్మిదో రోజు. పెద్దసారు గది తలుపు తీయకముందే కోడలు బయట నిలబడి ఉంది. కూర్చోకుండానే మొత్తం చెప్పింది. ఆయన మెత్తటి మనిషి. కానీ ఆ రోజు మెత్తగా మాట్లాడలేదు.

"నీకు చెడ్డపేరు రాకూడదని ఎవరిదో చూపు ఆపావమ్మా. పేరు నీదే గానీ చూపు నీది కాదు కదా! నంబరు తెలిసిపోయిందని మొదటిరోజే చెబితే జాబితా పొడుగాయనకి ఇచ్చేవాణ్ని కాదూ?"

కోడలు తల దించుకుంది.

"సరే, ఈ సీసా పోయేదాకా జాబితా నువ్వు ముట్టుకోకు. ఇక్కడే కూర్చో" అని ఆయన ఫోను అందుకుని, అందరూ వినేలా స్పీకరు నొక్కాడు. మొదటి ఆసుపత్రివాళ్లు ఎన్నో రోజన్నది విని, చూసి చెబుతామన్నారు. అంటే చెప్పరని. రెండోవాళ్లు మర్యాదగా వద్దన్నారు. మూడోది డాక్టరమ్మ. చేయితిరిగిన సర్జను, ముక్కుసూటి మనిషి. ఏడు రోజుల గీత దాటదని ఆవిడకి పేరు.

"తొమ్మిదో రోజుదా! నా సంగతి తెలిసీ అడుగుతున్నారేంటండీ?"

"కణాల లెక్క బాగుందమ్మా. వయసు అరవై తొమ్మిది. కంటి జబ్బులేమీ లేవు."

"అంత బాగున్నదాన్ని తొమ్మిది రోజులు ఎవరూ ఎందుకు ముట్టుకోలేదు? నలుగురు చూసి వద్దన్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది."

పెద్దసారు కోడలివైపు చూశాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కోడలు ఫోను దగ్గరికి జరిగింది.

"లోపం దాంట్లో లేదు డాక్టర్ గారూ, నాలో ఉంది. నిన్నటిదాకా దాన్ని ఎవరూ వద్దనలేదు, నేనే ఎవరికీ చూపించలేదు. అది మా అత్తగారిది. మా మనిషిది ముందుకు తోశానంటారని భయపడి వెనక్కి నెట్టాను. రెండుసార్లు."

ఈసారి డాక్టరమ్మ గొంతులో ఇందాకటి పదును లేదు.

"మీ అత్తగారు ఎప్పుడు పోయారమ్మా?"

"తొమ్మిది రోజులైందండీ" అన్నాక గానీ, డాక్టరమ్మ అడిగింది సీసా వయసు కాదని కోడలికి అర్థం కాలేదు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "మీకో సంగతి చెప్పనా? ఒకసారి ఒకావిడకి పదమూడు రోజుల కార్నియా వేశాను. ఏడాది తిరక్కుండా మసకబారిపోయింది. ఆవిడ మొహం నాకిప్పటికీ గుర్తే. ఆ గీత అందుకే గీసుకున్నాను."

"పరిశోధన చూశారు కదమ్మా" అన్నాడు పెద్దసారు. "లోపలి పొర మార్పించుకున్నవాళ్లని మూడేళ్ల తర్వాత చూస్తే, వారంలోపు వేసినవి నూటికి తొంభై అయిదు నిలిచాయి, వారం దాటినవి తొంభై రెండు."

"ఆ తగ్గిన ముగ్గురిలో నా పేషెంటే ఉంటే?"

"నిజమే. కానీ ఆ తగ్గడం ఎక్కువగా పన్నెండు, ఆపైన ఉన్నవాటిలోనే కదా. పదకొండు దాకా చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు."

"నాకు ఆపరేషను రోజు ఎల్లుండి" అని డాక్టరమ్మ లోలోపల లెక్క వేసుకుంది. "అంటే సరిగ్గా పదకొండు. ఒక్కరోజు అటైనా నేను తీసుకోను. కణాలు ఇవాళ మళ్లీ లెక్కపెట్టి పంపండి. పేషెంటుకి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన సరేనంటేనే."

పొడుగాయన మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. కోడలు అతని వెనకాల గోడకానుకుని నిలబడింది. తెర మీద తేనెపట్టు గదుల్లా కణాలు కనబడ్డాయి. ఆ గళ్లు చూడగానే కోడలికి తపాలా ఆఫీసు బీరువా గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. "రెండువేల ఆరువందల యాభై" అన్నాడు పొడుగాయన. తొమ్మిది రోజుల్లో తొంభై పోయాయి, మిగతావి చెక్కుచెదరలేదు. "మీ అత్తగారు గట్టి మనిషే" అని కూడా అన్నాడు.

మర్నాడు పదింటికి డాక్టరమ్మ ఫోను చేసింది. పేరూ ఊరూ చెప్పలేదు గానీ, బస్సు డ్రైవరని మాత్రం చెప్పింది. ఆయనకి పొద్దుటి పూట కళ్లకి మంచు కమ్మినట్టుంటుంది, పదకొండైతే గానీ విడదు. అందుకని మొదటి బస్సు నడిపే మనిషిని తీసుకెళ్లి డిపోలో టైర్లు లెక్కపెట్టే పనిలో పడేశారు. ఇది పాతబడ్డ కార్నియా, మీకిష్టం లేకపోతే తాజాది వచ్చేదాకా ఆగవచ్చు, ఎన్నాళ్లో మాత్రం చెప్పలేను అని డాక్టరమ్మ వివరంగా చెప్పిందట.

"ఏమన్నాడో తెలుసా? బస్సు ఆలస్యంగా వస్తే ఎక్కడం మానేస్తామా డాక్టరమ్మా, అందులోనూ సీటు ఖాళీగా ఉంటే, అన్నాడు." ఫోనులో డాక్టరమ్మ నవ్వుతోంది. "పంపించండి."

పదకొండో రోజు ఉదయం ఐస్ పెట్టె సిద్ధమైంది. పొడుగాయన సీసా తెచ్చి, నంబరు రెండుసార్లు సరిచూసి పెట్టెలో దించాడు. మూత వెయ్యబోతూ ఆగి పక్కకి తప్పుకున్నాడు. కోడలు ముందుకొచ్చింది. గులాబీ రంగు నీళ్లలో, గోరంత గాజుపలకలా, ఏమీ ఎరగనట్టు ఉంది అది. ఎన్ని కోడిగీతలు చదివిందో, ఎన్ని గిన్నెల్లోకి తొంగిచూసిందో!

"ఆలస్యం చేశాను, కోప్పడకండి. వెళ్లిరండి అత్తయ్యా" అని మూత వేసింది.

నెల తర్వాత ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. కార్నియా తేటగా ఉందని రెండు ముక్కలు. మూడు నెలలకి ఇంకోటి, ఆరు నెలలకి ఇంకోటి. అన్నిట్లోనూ అవే రెండు ముక్కలు. కోడలు ప్రతిసారీ వాటిని నవలలా చదివింది. డాక్టరమ్మ మాత్రం ఎగిరి గంతెయ్యలేదు. "ఒక్క కన్నుతో శాస్త్రం తేలదమ్మా. మూడేళ్లు పోనీ, అప్పుడు మాట్లాడదాం" అంది. ఫోను పెట్టేసేముందు మాత్రం, "ఇకనుంచి పదకొండు రోజుల దాకా ఉన్నా నాకు చెబుతుండండి. లెక్క బాగుంటే చూస్తాను" అంది. ఆ గీత జరగడానికి ఎంతమంది కళ్లు కాచుకుని ఉన్నాయో కోడలికి తెలుసు. ఆ రోజు ఆసుపత్రుల పట్టికలో డాక్టరమ్మ పేరు పక్కనున్న ఏడుని కొట్టేసి పదకొండు వేసింది.

ఎనిమిదో నెలలో ఆసుపత్రి కవరులో ఒక ఉత్తరం వచ్చింది. చూపు వచ్చినవాళ్లు దాత కుటుంబానికి ఉత్తరం రాయొచ్చు, పేర్లు మాత్రం ఉండకూడదు. అలాంటివి ఐ బ్యాంకుకి చేరతాయి. పెద్దసారు చదివి, పేర్లేమైనా ఉంటే నల్లసిరాతో కొట్టేస్తాడు. అన్నీ కలిపి నెలాఖరున తమ తరఫున నాలుగు వాక్యాల పైమాట జతచేసి పోస్టు చేస్తారు. ఈసారి ఆయన కొట్టేయడానికేమీ దొరకలేదు. ఉత్తరం మూల మీద దాత నంబరు చూసి కోడల్ని పిలిచాడు.

"ఇది నెలాఖరున మీ ఇంటికి రావలసింది" అని బల్ల మీద పెట్టాడు.

కోడలు దాన్ని చూసింది. గోడమీది క్యాలెండరు చూసింది. నెలాఖరుకి ఇంకా పంతొమ్మిది రోజులు. "సార్, పైమాట మీద ఇప్పుడే సంతకం పెడతారా?" అంది.

ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, మారుమాట్లాడకుండా కలం తీశాడు. పట్టపగలు పన్నెండింటికి కోడలు తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి, ఉత్తరం చేత్తో పట్టుకుని పోస్టుమ్యాన్‌లా నడిచి ఇంటికెళ్లింది. బస్సు వస్తున్నా ఎక్కలేదు.

మామగారు మెట్ల మీద ఉన్నాడు. ఆ చోటు ఇప్పుడు ఆయనదైపోయింది. ఈ వేళప్పుడు కోడల్ని చూసి కంగారుగా లేచాడు.

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు మామయ్యా. ఒకటొచ్చింది."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని కాగితం విప్పాడు. విప్పి, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. "ఇదెక్కడి రాత! మీ అత్తయ్య ఉంటే గడగడా చదివి పారేసేది" అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కోమాటా కూడబలుక్కున్నారు.

'అయ్యా, అమ్మా. మీరెవరో నాకు తెలియదు. తెలుసుకోకూడదన్నారు. పొద్దున్నే లేవగానే ఎదురుగోడ మీద పెచ్చులు కనబడుతున్నాయి. మా ఆవిడకి ఇన్ని వెంట్రుకలు తెల్లబడ్డాయని తెలిసింది. ఆ మాట ఆవిడతో అనలేదు. మళ్లీ మొదటి బస్సు ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు, పరీక్షలున్నాయి. ఇవ్వకపోయినా మొదటి బస్సు వెళ్లడం మా వీధి చివర నిలబడి చూస్తున్నాను. నంబరు కూడా తెలుస్తోంది. ఆ కళ్లవారు ఎలాంటివారో గానీ, ఏ బోర్డు కనబడినా చదవకుండా వదలబుద్ధి కావడం లేదు. ఇది నా చేత్తో నేనే రాశాను. రాత బాగాలేనిది చూపు లేక కాదు, చిన్నప్పటి నుంచీ ఇంతే. నమస్కారాలు.'

చివరికి వచ్చేసరికి మామగారు ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే ఉత్తరాన్ని మడతలమ్మట మడిచాడు. మడిచినదాన్ని అటూఇటూ తిప్పి చూశాడు, పైన తపాలా ముద్ర కోసం వెతుకుతున్నట్టు.

"ఇదెప్పటిది?" అని అడిగాడు.

"ఇవాళ్టిదే మామయ్యా" అంది కోడలు.